తన గొంతు తన చెవికి

ఏ మనిషికైనా అతి దగ్గరగా వినిపించే చప్పుళ్ళు తన ఒంటిలో పుట్టేవే. మాట, దగ్గు, నమలడం, అడుగుల సవ్వడి, జుట్టులో దువ్వెన రాపిడి పొద్దున లేచింది మొదలు చెవిన పడుతూనే ఉంటాయి. చెవికి అంత దగ్గర్లో పుడతాయి కాబట్టి బలంలోనూ ఇవి బయటి శబ్దాలకు తీసిపోవు. అయినా వాటిని వింటున్నానన్న స్పృహ ఎవరికీ ఉండదు. పక్కనున్నవారు అప్పడం కొరికితే అటు ధ్యాస మళ్ళుతుంది. తాను కొరికినప్పుడు అంతకన్న పెద్ద చప్పుడు పుర్రెలో మోగినా, మాటల్లో పడి తినేస్తారు. జనం లేని సందులో తన చెప్పుల చప్పుడు పట్టని మనిషి, వెనక మరో జత చెప్పులు వినబడగానే మెడ తిప్పి చూస్తాడు. రెండు చప్పుళ్ళూ చెవికి ఒకటే. మెదడుకు మాత్రం కావు. తాను చేసే శబ్దం రాకముందే తెలిసిన శబ్దం. లోకంలోని మరే శబ్దం గురించీ మెదడుకు అంత ముందస్తు సమాచారం ఉండదు. ఆ సమాచారాన్ని అది దేనికి వాడుకుంటుందన్నది వినికిడి శాస్త్రంలో బహుశా అన్నిటికన్న అందమైన ప్రశ్న.

మెదడు దాకా వెళ్ళేముందు చెవి సంగతి చూడాలి. మాట్లాడేవారి గొంతు వారి లోచెవికి రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి గాలి దారి: పెదవులు దాటిన ధ్వని తల చుట్టూ తిరిగి వచ్చి కర్ణభేరిని తాకుతుంది. నోరు సన్నని ధ్వనులను సూటిగా ముందుకు విసురుతుంది. చెవులేమో నోటికి వెనకపక్కన ఉన్నాయి. అందువల్ల ఎదుటివారికి అందే ఆ సన్నదనం సొంత చెవికి పూర్తిగా అందదు. రెండోది ఎముక దారి. స్వరతంత్రుల కంపనం మెడ, దవడ, పుర్రెల గుండా పాకి నేరుగా లోచెవిలోని కోక్లియాను కదిలిస్తుంది. ఈ దారిన వచ్చే గొంతులో మంద్రం పాలు ఎక్కువ. బుడాపెస్ట్‌లోని టెలిఫోన్ ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి పనిచేసి, తర్వాత అమెరికాలో హార్వర్డ్ చేరిన గేయోర్గ్ ఫాన్ బేకేషి ఈ రెండింటినీ విడదీసి కొలిచాడు. సొంత గొంతు వినికిడిలో రెండు దారులకూ దాదాపు సమానమైన బలం ఉంటుందని 1949లో రాశాడు. కోక్లియా లోపల ధ్వని తరంగం సాగే తీరును కనిపెట్టినందుకు 1961లో నోబెల్ బహుమతి అందుకున్నది ఈయనే.

రికార్డింగులో సొంత గొంతు పరాయిదిగా తోచడానికి కారణం ఇదే. మైకు గాలి దారిన వచ్చిన ధ్వనినే పట్టుకుంటుంది. ఎముక కలిపే నిండుదనం అందులో ఉండదు. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ తయారుచేసేదాకా మనుషుల్లో ఎవరూ తమ గొంతును ఎదుటివారు విన్నట్టుగా విని ఎరగరు. వేల ఏళ్ళు పాడిన, వాదించిన, పిల్లలను జోకొట్టిన గొంతులన్నీ వాటి యజమానులకు ఒకలా, మిగతా లోకానికి మరోలా వినిపించాయి. ఇప్పుడు ఫోనులో వాయిస్ మెసేజ్ పంపి, దాన్ని తామే విని ముఖం చిట్లించుకునేవారు ఇంటికొకరు. ఎముక లోపించడం తేడాను వివరిస్తుంది గాని ఆ చిరాకునంతా వివరించదు. ఫిలిప్ హోల్జ్‌మన్, క్లైడ్ రౌసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1966లో దీన్ని పరిశీలించి, మాట్లాడేటప్పుడు తనకు తెలియకుండా గొంతులో బయటపడ్డ భావాలు రికార్డింగులో ఒక్కసారిగా చెవిన పడడం కూడా ఆ ఇబ్బందికి మూలమని వాదించారు. ఈ మాటలో బలం ఉంది. పరాయిగా వినిపించే శబ్దాలన్నీ ఎవరినీ సిగ్గుపడేలా చేయవు కదా.

రెండు వేళ్ళతో చెవులు మూసుకుని పలికితే ఎముక దారి బలం తెలుస్తుంది. గొంతు తలలోనే గుమ్మని మోగుతుంది. కొత్తగా వినికిడి యంత్రం పెట్టుకున్న పెద్దవారు తరచుగా చేసే ఫిర్యాదు ఇదే: ఎదుటివారి మాట బాగానే ఉంది, నా గొంతే డబ్బాలోంచి వస్తున్నట్టుంది అని. చెవిలో బిగిసిన భాగానికి సన్నని రంధ్రం పెట్టి ఈ బాధ తగ్గిస్తారు. ఇంతకన్న విచిత్రమైన స్థితిని అమెరికన్ వైద్యుడు లాయిడ్ మైనర్ బృందం 1998లో వర్ణించింది. లోచెవిలో సమతూకం చూసే అర్ధవృత్తాకార నాళాల్లో పైదాని మీద ఉండాల్సిన ఎముక పొర కొందరిలో పలచబడి తెరుచుకుంటుంది. ఒంటిలోని కంపనాలన్నీ ఆ సందులోంచి లోచెవిలోకి బలంగా దూరతాయి. అప్పుడు సొంత మాట, గుండె చప్పుడు, మడమ నేల తాకే దెబ్బ భరించలేనంతగా మోగుతాయి. కొందరికి కనుగుడ్డు పక్కకు జరిగిన చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆ మాట చెబితే నమ్మేవారు లేక ఏళ్ళ తరబడి నలిగినవారున్నారు. ఇప్పుడు దాన్ని స్కానింగులో గుర్తించి, శస్త్రచికిత్సతో మూయగలుగుతున్నారు.

సొంత శబ్దాన్ని తగ్గించే మొదటి ఏర్పాటు నడిమి చెవిలోనే ఉంది. అక్కడ వరుసగా ఉన్న మూడు ఎముకల్లో చివరిది స్టేపిస్, సుమారు 3 మిల్లీమీటర్లది, శరీరంలోకెల్లా చిన్నది. దానికి అంటుకున్న స్టెపీడియస్ కండరం కూడా ఒంట్లో అన్నిటికన్న చిన్న కండరమే. పెద్ద శబ్దం వచ్చినప్పుడు అది ముడుచుకుని స్టేపిస్ కదలికను బిగిస్తుంది. మంద్రధ్వనుల జోరు తగ్గుతుంది. విశేషమేమంటే, మనిషి మాట్లాడబోయేటప్పుడు ధ్వని పుట్టకముందే ఆ కండరం ముడుచుకోవడం మొదలవుతుంది. శబ్దం చేసిన పని కాదిది, మాట్లాడాలన్న ఆజ్ఞ చేసిన పని. గబ్బిలాల్లో ఇది ఇంకా పదునుగా ఉంటుంది. చెవులు చిల్లులు పడేలా కేక పెట్టి, గోడనుంచో పురుగునుంచో తిరిగివచ్చే సన్నని ప్రతిధ్వనిని వెంటనే వినాలి వాటికి. కేకకు ముందే కండరం బిగుస్తుంది, ప్రతిధ్వని వచ్చేలోపు వదులవుతుంది. మనుషుల్లో ముఖనాడి దెబ్బతిని మూతి వంకరపోయినవారిలో కొందరికి ఆ పక్క చెవిలో మామూలు చప్పుళ్ళే గట్టిగా తగులుతాయి. స్టెపీడియస్‌ను నడిపేది ఆ నాడే.

చెవి దాటాక జరిగే పని దీనికన్న సూక్ష్మం. దానికి మూలమైన ఆలోచన చూపును గురించిన ప్రశ్నగా మొదలైంది. కళ్ళు అటూ ఇటూ తిప్పితే లోకం కదిలినట్టు కనిపించదు. ఒక కన్ను మూసి, తెరిచి ఉన్న కంటి మూలను వేలితో మెల్లగా నొక్కితే మాత్రం లోకం కదులుతుంది. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ ఈ తేడా మీద ఆలోచించి, కంటి కండరానికి తానిచ్చిన ఆజ్ఞను మెదడు లెక్కలోకి తీసుకుంటుందని భావించాడు. 1950లో రెండుచోట్ల ఈ ఆలోచనకు గట్టి రూపం వచ్చింది. జర్మనీలో ఎరిక్ ఫాన్ హోల్స్ట్, హోర్స్ట్ మిట్టెల్‌స్టెట్ ఈగలాంటి ఒక కీటకం తలను 180 డిగ్రీలు తిప్పి నిలిపి, అమెరికాలో రోజర్ స్పెరీ చేప కంటిని తలకిందులుగా అమర్చి, ఆ ప్రాణులు ఆగకుండా గుండ్రంగా తిరగడం గమనించారు. రెండు పక్షాలూ చేరిన చోటు ఒకటే. జిల్లా కచేరీలో ఉత్తర్వు వెలువడితే అమలు చేసేవారికి అసలు ప్రతి, సంబంధిత శాఖకు నకలు వెళ్ళినట్టు, కండరాలకు ఆజ్ఞ వెళ్ళేటప్పుడే దాని నకలు ఇంద్రియాల సమాచారం చూసే భాగాలకూ చేరుతుంది. ఆజ్ఞ వల్ల రాబోయే మార్పును నకలు చూసి ఆ భాగాలు ముందే అంచనా కట్టి, వచ్చిన దానిలోంచి తీసివేస్తాయి. మిగిలింది బయటి లోకానిది. స్పెరీ దీనికి కరోలరీ డిశ్చార్జ్ అని పేరు పెట్టాడు.

ఆ నకలు మోసే తీగను ఒక్కదాన్ని వేలుపెట్టి చూపించగలిగింది కీచురాయిలో. వానాకాలం రాత్రులు పొలం గట్ల మీద, ఇంటి మూలల్లో మోగే ఆ అరుపు మగ కీచురాయిది. ముందు రెక్కలు ఒకదానిమీదొకటి రాసుకుంటే పుడుతుంది. దగ్గరనుంచి కొలిస్తే దాని బలం 100 డెసిబెళ్ళ దాకా ఉంటుంది. దాని చెవులేమో ముందుకాళ్ళ మీద, రెక్కలకు పక్కనే ఉన్నాయి. అంత మోత గంటల తరబడి భరిస్తూ అది చెవుడు తెచ్చుకోవాలి, లేదా కనీసం మరో కీచురాయి పిలుపు వినలేకపోవాలి. రెండూ జరగవు. కేంబ్రిడ్జ్‌లో జేమ్స్ పూలే, బర్తోల్డ్ హెడ్విగ్ దీని గుట్టు వెతికారు. ముందుగా, ఒక రెక్క తీసేసిన కీచురాయిని పాడించారు. రెక్క ఆడుతుంది, శబ్దం రాదు. అయినా ప్రతి రెక్కవిదిలింపుకూ సరిగ్గా ఆ క్షణంలోనే దాని వినికిడి నాడీకణాలు అణగిపోయాయి. అంటే వాటిని అణచింది శబ్దం కాదు. ఆ తర్వాత 2006లో ఆ పని చేసే నాడీకణాన్నే పట్టుకున్నారు. రెక్కలను ఆడించే నాడీకేంద్రంలో పుట్టి వినికిడి భాగాల దాకా కొమ్మలు చాచిన ఒకే ఒక్క కణం. మౌనంగా కూర్చున్న కీచురాయిలో ఆ కణానికి విద్యుత్తు ఇచ్చి మేల్కొలిపితే, బయటి శబ్దానికి దాని చెవి స్పందన తగ్గిపోయింది. అరుపుకూ అరుపుకూ మధ్య సందులో అణచివేత ఉండదు. అప్పుడు చెవి తెరిచే ఉంటుంది, పోటీదారు పిలుపు వినిపిస్తుంది.

మనిషి మెదడులో ఇలాంటి ఒక్క కణాన్ని చూపించలేరు. ఫలితం మాత్రం అదే. బ్రెజిల్ అడవుల మార్మోసెట్ కోతుల్లో స్టీవెన్ ఎలియాడిస్, షావోచిన్ వాంగ్ 2003లో చూపించిన దాని ప్రకారం, కోతి కూత పెట్టడానికి కొన్ని వందల మిల్లీసెకన్ల ముందే మెదడు వినికిడి భాగంలోని చాలా కణాలు నెమ్మదిస్తాయి. మనుషుల్లో ఈ పని పుర్రె తెరవకుండా చేస్తారు. ఏ శబ్దమైనా చెవిన పడ్డ దాదాపు 100 మిల్లీసెకన్లకు మెదడులో ఒక విద్యుత్ అల లేస్తుంది. మనిషి మాట్లాడేటప్పుడు ఆ అల చిన్నది. అదే మాటను రికార్డు చేసి అదే బలంతో వినిపిస్తే పెద్దది. కాలిఫోర్నియాలో జాన్ హౌడ్, శ్రీకాంతన్ నాగరాజన్ బృందం 2002లో మెదడు పుట్టించే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచి ఈ తేడా చూపించింది. మాట్లాడుతుండగా హెడ్‌ఫోనులో ఆ గొంతుకు బదులు రొద కలిసిన ధ్వని వినిపిస్తే అణచివేత పోయింది. మూర్ఛకు శస్త్రచికిత్స చేయించుకునే రోగుల మెదడు మీద పరిచిన ఎలక్ట్రోడ్లు మరో సంగతి చెప్పాయి: అణిగిన చోటుకు కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే అణగని చోట్లూ ఉంటాయి. మెదడు సొంత గొంతుకు చెవి మొత్తంగా మూసుకోదు.

ఈ అణచివేత గొంతుకే పరిమితమూ కాదు, పుట్టుకతోనే అంతా వచ్చేదీ కాదు. తానే మీట నొక్కి పుట్టించిన శబ్దానికి మెదడు స్పందన, యంత్రం దానంతటదే వినిపించిన అదే శబ్దానికన్న తక్కువగా ఉంటుందని 1973లోనే తేలింది. మీటకూ శబ్దానికీ ప్రకృతిలో సంబంధమేమీ లేదు. అలవాటు కలిపిందంతే. దీన్ని ఎలుకల్లో డేవిడ్ ష్నైడర్, రిచర్డ్ మూనీ విడమరిచారు. పరుగెత్తే ఎలుకకు అడుగు వేగాన్ని బట్టి ఒక కృత్రిమ స్వరం వినిపించారు. కొన్ని రోజులకు ఆ ఒక్క స్వరానికే, అదీ పరుగులో ఉన్నప్పుడే, ఎలుక మెదడు స్పందన తగ్గింది. వేరే స్వరం వేస్తే తగ్గలేదు. కదలికలు నడిపే భాగంనుంచి వినికిడి భాగంలోని అణచివేసే కణాలకు వెళ్ళే తీగలు ఆ కొత్త అడుగు చప్పుడును నేర్చుకున్నాయి. వీణ నేర్చుకునే పిల్ల మెదడులోనూ మీటుకూ స్వరానికీ మధ్య ఇలాంటి లంకె ఏదో రోజురోజుకూ బిగుస్తూ ఉండాలి. శ్రుతి తప్పిన తీగ మీద వేలు పడగానే విద్వాంసులు ఉలిక్కిపడేది అందుకే కావచ్చు.

అణచివేతను చెవులు మూసుకోవడంగా తీసుకుంటే అసలు విషయం చేజారిపోతుంది. ఎలియాడిస్, వాంగ్ 2008లో మార్మోసెట్ల మీద మరో ప్రయోగం చేశారు. కోతి కూత పెడుతుండగానే దాని చెవికి స్థాయి మార్చిన కూతను వినిపించారు. మామూలు కూతకు బాగా అణిగి ఉండే కణాలే ఈ తేడాకు చురుగ్గా లేచాయి. అవి నిద్రపోవడం లేదు, కాపలా కాస్తున్నాయి. అనుకున్న శబ్దం అనుకున్నట్టు వస్తే చెప్పేందుకు ఏమీ లేదు కాబట్టి ఊరకుంటాయి, తేడా వస్తే పలుకుతాయి. మెదడు తన శబ్దంలో వినేది ప్రధానంగా ఆ తేడానే.

తేడా పట్టగానే సవరణ మొదలవుతుంది. ఒక మనిషి 'ఆ' అని ఒకే స్థాయిలో నిలిపి పలుకుతుండగా, హెడ్‌ఫోనులో ఆ గొంతును ఒక అరస్వరం పైకి జరిపి వినిపిస్తే, అటూ ఇటూగా సెకనులో పదో వంతు గడిచాక అతని గొంతు కిందికి జరుగుతుంది. చాలాసార్లు అతనికి ఆ సంగతే తెలియదు. హౌడ్, మైకేల్ జోర్డన్ 1998లో అచ్చులనే మార్చి చూశారు. ఒక అచ్చు పలికితే దాని పక్క అచ్చు చెవిన పడేలా యంత్రాన్ని అమర్చారు. కొంతసేపటికి ఆ మనుషులు నాలుకను మరోలా పెట్టి, చెవికి సరైన అచ్చు వినిపించేలా పలకసాగారు. గొంతు వినిపించకుండా రొద నింపినా కొత్త పలుకుబడి కొంతసేపు నిలిచింది. వారందరిచేతా గుసగుసగా పలికించారన్నది ఇందులో గమనించాల్సిన జాగ్రత్త. గొంతెత్తి పలికితే ఎముక దారిన అసలు ధ్వని లోచెవికి చేరి మోసం బయటపెట్టేస్తుంది.

స్థాయి తేడాను సర్దుకునే మెదడు ఆలస్యాన్ని మాత్రం భరించలేదు. ఫోన్ లైను బాగోక తన మాటే కాస్త ఆలస్యంగా చెవిలోకి తిరిగివస్తుంటే ఎంత మాటకారికైనా నాలుక మడతపడుతుంది. అక్షరాలు సాగుతాయి, కొన్ని రెండుసార్లు వస్తాయి, వాక్యం మధ్యలో ఆగిపోతుంది. బెర్నార్డ్ లీ 1950లో దీన్ని వర్ణించాడు. ఆలస్యం సెకనులో ఐదో వంతు దగ్గర ఉన్నప్పుడు గందరగోళం అన్నిటికన్న ఎక్కువ. ఇదే ఆలస్యం నత్తి ఉన్నవారిలో కొందరి మాటను సాఫీ చేస్తుంది. ఆ ఉపశమనం అందరికీ దొరకదు, దొరికినవారికి ఎప్పటికీ నిలవదు. నత్తిని భయమో బద్ధకమో అని తిట్టి పెంచిన పిల్లల విషయంలో మాత్రం ఈ ఒక్క ఫలితం చాలు, పెద్దలు పునరాలోచించుకోవడానికి. చెవికి అందే సమయం మారితే మాట మారుతోందంటే లోపం స్వభావానిది కాదు.

సొంత గొంతు బలం మీద కూడా ఇదే నిఘా. రొదలో మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లోంబార్ 1911లో ప్రకటించాడు. చెవుడని నటించేవారిని పట్టుకోవడానికి ఇది సాధనమైంది. చెవుల్లో రొద పెట్టి చదివిస్తే నిజంగా వినబడనివారి గొంతు మారదు, నటించేవారిది పెరుగుతుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్లలో మాట్లాడేవారి గొంతును కొద్దిగా వారి చెవికే పంపే ఏర్పాటు ఉండేది. అది ఎక్కువైతే జనం మెల్లగా, తక్కువైతే బిగ్గరగా మాట్లాడేవారు. పల్లె పాటగాళ్ళు రాగం ఎత్తుకునేటప్పుడు చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకోవడం, ఇప్పటి గాయకులు వేదిక మీద చెవిలో ఇయర్‌ఫోను బిగించుకోవడం వెనకా ఇదే అవసరం. చుట్టూ డప్పులు మోగుతున్నా తన స్వరం తనకు అందాలి.

ఈ నిఘా ఎంత అవసరమో వినికిడి పోయినవారిలో తెలుస్తుంది. పెద్దయ్యాక చెవుడు వచ్చినవారి మాట ఏళ్ళ తరబడి అర్థమయ్యేలానే ఉంటుంది. గొంతు ఎత్తూ బలమూ ముందుగా అదుపు తప్పుతాయి, స, శ వంటి ధ్వనులు క్రమంగా మొద్దుబారతాయి. పసితనంలోనే వినబడకపోతే నష్టం మూలంలోనే ఉంది. ఉయ్యాలలో పాప 'బాబాబా', 'తాతాతా' అని పలికేది ఎవరికోసమో కాదు. ఏ ఆజ్ఞకు ఏ ధ్వని వస్తుందో ఆ మెదడు పట్టిక రాసుకుంటోంది. చెవుడుతో పుట్టిన పిల్లల్లో ఈ పలుకులు బాగా ఆలస్యమవుతాయి. కోక్లియర్ ఇంప్లాంటు అనే వినికిడి యంత్రాన్ని చిన్న వయసులోనే అమర్చాలని వైద్యులు పట్టుబట్టేది అందుకే. ఆరోగ్యశ్రీ పథకంలో చిన్నపిల్లలకు ఈ ఖరీదైన శస్త్రచికిత్సను చేర్చడం తెలుగునాట జరిగిన నిజమైన మేలు. అయితే యంత్రం ధ్వనిని తెస్తుంది, పట్టిక రాసుకోవాల్సింది పిల్లలే. నెలల తరబడి మాట శిక్షణ లేకపోతే ఆపరేషన్ ఫలం సగం కూడా అందదు.

నకలు సరిగా చేరకపోతే ఏమవుతుందన్న ప్రశ్న మనోవైద్యంలోకి తీసుకెళ్తుంది. మనసులో మాట్లాడుకోవడం కూడా ఒక విధమైన మాటే. దానికీ ఆజ్ఞ ఉంటుంది. ఆ ఆజ్ఞ తాలూకు నకలు వినికిడి భాగానికి అందకపోతే, తన ఆలోచనే ఎవరో పలికినట్టు తోచవచ్చని 1978లో ఇర్విన్ ఫైన్‌బర్గ్ ప్రతిపాదించాడు. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో చాలామందికి ఎవరూ లేని గదిలో గొంతులు వినిపిస్తాయి. జుడిత్ ఫోర్డ్, డేనియల్ మాథలాన్ 2001నుంచి చేసిన పరీక్షల్లో, మాట్లాడేటప్పుడు జరగాల్సిన ఆ 100 మిల్లీసెకన్ల అల అణచివేత ఈ రోగుల్లో సగటున తక్కువగా కనిపించింది. సగటున అన్న మాట ముఖ్యం. ఒక మనిషి మెదడు అలను చూసి జబ్బు ఉందో లేదో చెప్పే పరీక్ష కాదిది. గొంతులు వినబడేవారంతా రోగులు కూడా కారు.

మనసులోని మాటకు నిజంగా నకలు ఉందా అన్నదాన్ని థామస్ విట్‌ఫర్డ్ బృందం సిడ్నీలో పరీక్షించి 2017లో ప్రచురించింది. తెర మీద గుర్తు చూసి సరిగ్గా నిర్ణీత క్షణంలో మనసులోనే 'బా' అనుకోమన్నారు. అదే క్షణంలో చెవికి 'బా' గాని 'బీ' గాని వినిపించారు. పెదవి కదలలేదు, గొంతు పలకలేదు. అయినా అనుకున్న అక్షరమే వినిపించినప్పుడు మెదడు అల తగ్గింది, వేరే అక్షరమైతే తగ్గలేదు. పలకని మాటకూ మెదడు అక్షరంతో సహా అంచనా పంపుతోందన్నమాట.

ఇక్కడ ఈ సిద్ధాంతం బలమూ పరిమితీ రెండూ కనిపిస్తాయి. తన మాట పరాయిదిగా ఎందుకు తోస్తుందో అది చెప్పగలదు. ఆ గొంతు తరచుగా ఎందుకు తిడుతుందో, చనిపోయిన తండ్రిదో ఎన్నడూ చూడని ఆడమనిషిదో ఎందుకవుతుందో, రోజంతా కాక కొన్ని వేళల్లోనే ఎందుకు వస్తుందో చెప్పలేదు. రోగి ఎన్నాళ్ళుగానో మోస్తున్న అవమానాలు, భయాలు, పోగొట్టుకున్న మనుషులు ఆ వివరాల్లో ఉంటాయి. వాటిని ఎలక్ట్రోడ్లు కొలవవు. రోగితో కూర్చుని ఆ గొంతులు ఏమంటున్నాయో ఓపికగా అడిగి తెలుసుకునే వైద్యం మందులతో పాటు నడవాల్సింది అందుకే.